యాంటీవైరస్ మనకు చెప్పకుండా ఏం రిపేరు చేసింది? తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు అరండల్‌పేటలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు మాది. పొద్దున షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద ఒకరైనా సీపీయూ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంటారు. "నేనేం ముట్టుకోలేదండీ, అదే ఏదో చేసుకుంది" అనేది చాలామంది మొదటి మాట. అది అబద్ధం కూడా కాదు. యాంటీవైరస్ చాలా పనులు అడక్కుండానే చేస్తుంది. చెప్పినా స్క్రీన్‌కి ఓ మూల కాసేపు కనబడి మాయమయ్యే చీటీలో చెబుతుంది. ఆ టైముకి మనం ఫోన్లోనో, కస్టమర్‌తోనో ఉంటాం.

మా బల్ల దగ్గర ఎక్కువగా వచ్చే ప్రశ్నలను ఇక్కడ రాస్తున్నాను. ఎక్కువమంది దగ్గర ఉండేది విండోస్‌తో పాటు వచ్చే డిఫెండర్ కాబట్టి మెనూల పేర్లు దాన్నిబట్టి ఇచ్చాను. క్విక్ హీల్, కె7 లాంటివి వాడేవాళ్లకు పేర్లు కాస్త మారతాయి గానీ సంగతి ఇదే.

"ముప్పు తొలగించాం, రిపేరు చేశాం" అని చూపించి మూసుకుపోయింది. అసలేం చేసినట్టు?

రిపేరు అనే ఒక్క మాట కింద నాలుగు రకాల పనులు జరుగుతాయి. మీ కంప్యూటర్లో జరిగింది ఏదో తెలిస్తే ఎంత కంగారుపడాలో తెలుస్తుంది.

మొదటిది అసలైన రిపేరు. శాలిటీ, రామ్‌నిట్ లాంటి పాతకాలపు వైరస్‌లు మన మంచి ప్రోగ్రాం ఫైల్లోకే దూరి తమ ముక్కను అతికించుకుంటాయి. ప్రోగ్రాం తెరవగానే ముందు ఆ ముక్క నడిచేలా దారి మళ్లించుకుంటాయి. యాంటీవైరస్ ఆ ముక్క కోసేసి, దారిని మళ్లీ పాతచోటికి తిప్పుతుంది. ఫైలు ఉన్నచోటే ఉంటుంది, చాలావరకు పనీ చేస్తుంది. చాలావరకు అని ఎందుకన్నానంటే, కొన్ని వైరస్‌లు ఫైల్లోని అసలు సరుకు మీదే తమ సరుకు రాసేస్తాయి. అక్కడ తిరిగి పెట్టడానికి ఏమీ మిగలదు. ఎక్సెల్ మాక్రోల్లో (షీట్‌లో దాగి తమంతట నడిచే చిన్న ప్రోగ్రాంలు) దూరే వైరస్‌లదీ ఇంచుమించు ఇదే పద్ధతి: మాక్రో పోతుంది, మీ లెక్కలు ఉంటాయి.

రెండోది ఫైల్ని ఎత్తుకెళ్లి క్వారంటైన్‌లో పెట్టడం, మూడోది డిలీట్ చెయ్యడం. ఇప్పుడొచ్చే వాటిలో ఎక్కువ భాగం ఫైలు మొత్తం వైరసే. అందులో బాగుచెయ్యడానికి మంచి భాగమంటూ ఉండదు. కాబట్టి ఈ రోజుల్లో రిపేరు అంటే చాలాసార్లు తీసి అవతల పెట్టడమే.

నాలుగోది ఎవరి కంటా పడదు. వైరస్ మార్చి పెట్టిన సెట్టింగుల్ని సరిచెయ్యడం. టాస్క్ మేనేజర్ తెరుచుకోకుండా చెయ్యడం, మన నెట్ అంతా వేరేవాళ్ల గుండా తిప్పే ప్రాక్సీని బ్రౌజర్‌కి తగిలించడం, కంప్యూటర్ ఆన్ అవ్వగానే తనూ మొదలయ్యేలా విండోస్ సెట్టింగులు ఉండే రిజిస్ట్రీలో ఒక వరుస రాసుకోవడం వైరస్ చేసే పనులు. యాంటీవైరస్ వాటిని తిరగరాస్తుంది. "నిన్నటిదాకా రాని టాస్క్ మేనేజర్ ఈరోజు వస్తోందేంటి" అని ఆశ్చర్యపోయేవాళ్లకు జరిగింది ఇదే.

ఏ ఫైలు మీద చెయ్యి పడిందో ఎక్కడ చూడాలి?

స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని టైప్ చేసి తెరవండి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్తే ప్రొటెక్షన్ హిస్టరీ అని ఉంటుంది. అక్కడ ఒక్కో వరుస మీద నొక్కితే వివరాలు వస్తాయి. నేనైతే నాలుగే చూస్తాను: పేరు, ఫైలు ఉన్న చోటు, టైము, ఏం చేసిందన్నది.

ఈ నాలుగింటిలో మనవాళ్లు పేరు ఒక్కటే చదివి ఠారెత్తిపోతారు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఫైలు ఉన్న చోటు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో, జిప్ ఫైలు లోపల పడి ఉండగా పట్టుకుందంటే అది ఇంకా నడవలేదని ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. వాకిట్లో చెప్పులు విప్పుతుండగానే దొరికిపోయిన దొంగ అన్నమాట. అదే ప్రోగ్రాంలు తమ సామాను పెట్టుకునే యాప్‌డేటా లోపలి ఫోల్డర్లలోనో, కంప్యూటర్‌తో పాటే మొదలయ్యేవి ఉండే స్టార్టప్‌లోనో దొరికితే అప్పటికే లోపలికొచ్చి కాపురం పెట్టి ఉండొచ్చు. టైము కూడా చూడండి. రాత్రి రెండింటికి పట్టుకుంటే షెడ్యూల్ స్కాన్ అయి ఉండొచ్చు. మధ్యాహ్నం మూడూ పదికి పట్టుకుంటే, మూడింటికి ఏ పెన్‌డ్రైవ్ పెట్టారో, వాట్సాప్ వెబ్‌లో ఏం దించారో గుర్తుచేసుకోండి.

ఇక్కడో చిక్కుంది. ఈ హిస్టరీ రెండు వారాలే ఉంటుంది. "పోయిన నెల ఏదో వచ్చింది చూడండి" అంటే అక్కడ ఏమీ కనబడదు. అప్పుడు విండోస్ తన పనులు రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్, ఆపరేషనల్ అనే వరుసలో లోపలికి వెళ్లాలి. చూడ్డానికి కరెంటు ఆఫీసు రిజిస్టర్‌లా ఉంటుంది గానీ భయపడక్కర్లేదు. 1116 అంటే ఏదో కనిపెట్టింది. 1117 అంటే దాని మీద చర్య తీసుకుంది. 1118, 1119 అంటే చర్య తీసుకోబోయి కుదరలేదు. 5001 అంటే రియల్ టైమ్ రక్షణ, అంటే ఎప్పటికప్పుడు ఉండే కాపలా, ఆగిపోయింది. 1116 కి కాస్త ముందు 5001 కనబడిందంటే, ఆఫీసులో ఎవరో యాంటీవైరస్ ఆపి ఏదో ఇన్‌స్టాల్ చేసి ఉండొచ్చన్నమాట. ఈ వరుసలు చూపించి నేను ఎవరినీ నిలదీయను. కానీ ఓనరు నా భుజం మీదుగా చూస్తూంటే పక్క సీటు కుర్రాడు మంచినీళ్ల కోసం లేచి వెళ్లడం రెండుసార్లు చూశాను.

ఆ వైరస్ పేరు మంత్రంలా ఉంది. ఎలా చదవాలి?

ముక్కలు చేసి చదవండి. డిఫెండర్ తరచూ చూపించే పేరు ఒకటి తీసుకుందాం: "ట్రోజన్:విన్32/వకటాక్.బి!ఎంఎల్". మొదటి మాట జాతి. ట్రోజన్ అంటే మంచి ప్రోగ్రాంలా నటించే రకం. విన్32 అంటే అది నడిచే చోటు, విండోస్. వకటాక్ కుటుంబం పేరు, బి అందులో ఒక శాఖ. చివర్లో ఎంఎల్ అని ఉంటే మెషిన్ లెర్నింగ్ చెప్పిన తీర్పు. అచ్చంగా ఈ ఫైల్నే ముందెప్పుడో పరీక్షించి పేరు పెట్టారని కాదు, తీరు చూసి అలాంటిదేనని అనుమానించిందని. ఊళ్లో కుర్రాడు ఒకరికోసం రాసిచ్చిన చిన్న బిల్లింగ్ ప్రోగ్రాం మీద ఈ ముద్ర పడటం నేను చూశాను.

జాతి పేరు బట్టి కంగారు కొలుచుకోవచ్చు. పీయూఏ అని మొదలైతే అక్కర్లేని టూల్‌బార్, యాడ్‌ల బాపతు. హ్యాక్‌టూల్ అంటే తొంభై పాళ్లు, కొనకుండానే సాఫ్ట్‌వేర్ నడిపించే క్రాకో, కీజెనో. రాన్సమ్ అని మొదలైతే అది ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రకం, ముందు నెట్ కేబుల్ పీకండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

క్వారంటైన్‌లో ఉన్నది అక్కడే ఉండనిస్తే ప్రమాదమా?

కాదు. ఫైల్ని నడవకుండా రూపం మార్చి తాళం వేసి ఉంచుతుంది. 2020 తర్వాత ఈ మాటకి అర్థం ఎవరికీ చెప్పక్కర్లేకుండా పోయింది. తీసేసింది మీకు కావలసిన ఫైలేమో అని ఏమాత్రం అనుమానం ఉన్నా వెంటనే రిమూవ్ నొక్కకండి. కొన్ని యాంటీవైరస్‌లు కొన్నాళ్ల తర్వాత క్వారంటైన్‌ని వాటంతటవే ఖాళీ చేస్తాయి. కాబట్టి తేల్చుకోవాల్సింది ఆ వారంలోనే తేల్చుకోండి.

రాత్రి బాగానే ఉంది, పొద్దునకి అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదు. యాంటీవైరస్ తినేసిందా?

ఫిబ్రవరి, మార్చిల్లో మిర్చి యార్డు నుంచి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. ఒక సీజన్లో కమీషన్ కొట్టు గుమాస్తా ఒకాయన చేశాడు. బయట లారీ లోడవుతోంది, బిల్లు రాదు. డెస్క్‌టాప్ మీద ఐకాన్ బొమ్మ పోయి తెల్ల కాగితంలా కనబడుతోంది. నొక్కితే, ఈ షార్ట్‌కట్ చూపించే ఫైలు లేదు, షార్ట్‌కట్ తీసెయ్యమంటారా అని అడుగుతోంది. "తీసెయ్యమననా అన్నా?" అని ఆయన. ముట్టుకోవద్దన్నాను.

వెళ్లి చూస్తే ప్రొటెక్షన్ హిస్టరీలో మూడు వరుసలు ఉన్నాయి. మూడింటి మీదా ఒకే టైము. ఒకటి ప్రోగ్రాం ఫైలు, రెండోది దాని పక్కనే ఉండే డీఎల్ఎల్ అనే సహాయక ఫైలు, మూడోది డి డ్రైవ్‌లో "సెటప్ న్యూ" అనే ఫోల్డర్లో ఉన్న క్రాక్. పేరు హ్యాక్‌టూల్. ఏడాదిగా పనిచేస్తున్నది ఆ రోజే ఎందుకు పట్టుకుందంటే, ఆ ముందు రోజే ఎవరో విండోస్ అప్‌డేట్ చేసుకున్నారు. దాంతో వచ్చిన కొత్త వైరస్ వివరాలతో యాంటీవైరస్ పాత ఫైల్ని మళ్లీ చూసింది, గుర్తుపట్టింది.

అలాంటప్పుడు ముందుగా గుర్తుంచుకోవలసింది ఇది: పోయింది ప్రోగ్రాం, మీ లెక్కలు కావు. ఖాతాల డేటా వేరే ఫోల్డర్లో ఉంటుంది, యాంటీవైరస్‌కి దానితో సాధారణంగా పనిలేదు. ముందు ఆ డేటా ఫోల్డర్ని ఇంకో చోటికి కాపీ చెయ్యండి. కంగారులో సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తూ పాత ఫోల్డర్ మీదే కొత్తది రాసేసి, అప్పుడు నిజంగా లెక్కలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆ కాపీ తీశాక, కొన్న కాపీ అయితే కంపెనీ సైట్ నుంచి తాజా సెటప్ దించి వేసుకోండి.

కొన్నది కాకపోతే? ఆ గుమాస్తా కూడా ఇదే అడిగాడు: "రీస్టోర్ కొట్టేస్తే అయిపోతుంది కదా". అవుతుంది. లారీ కూడా కదులుతుంది. కానీ క్రాక్ అనేది ఎవరో ముక్కూమొహం తెలియనివాడు ఇచ్చిన ప్రోగ్రాం. దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా నడపమంటాడు, నడిపే ముందు యాంటీవైరస్ ఆపమంటాడు. ఇంటి తాళాలిచ్చి కుక్కని కూడా కట్టేసినట్టే. అందులో నిజంగా ఏముందో నేను చూసి చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు. బ్యాంకు పని, జీఎస్టీ పని జరిగే మెషిన్లో నేనైతే రీస్టోర్ నొక్కను. ఆ రోజు బిల్లు బుక్కులో చేత్తో రాసి లారీ పంపారు.

యాంటీవైరస్ కూడా పొరపాటు చేస్తుందా?

చేస్తుంది, పెద్దవే చేసింది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలో ఎస్‌వీసీహోస్ట్ అనే సొంత సిస్టమ్ ఫైల్నే వైరస్ అనుకుంది. ప్రపంచమంతా ఆఫీసుల్లో కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అయ్యాయి. 2012 సెప్టెంబర్‌లో సోఫోస్ తన అప్‌డేటర్‌నే తను పట్టుకుంది. తన కాలు తనే కట్టేసుకోవడంతో సరిచేసే అప్‌డేట్ అందుకోవడమూ కష్టమైంది. 2022 సెప్టెంబర్‌లో ఒక ఆదివారం డిఫెండర్ గూగుల్ క్రోమ్ తెరిచిన ప్రతిసారీ ముప్పు ముప్పు అని గోలపెట్టింది. కొన్ని గంటల్లో మైక్రోసాఫ్ట్ సరిదిద్దింది. 2023లో భోగికి ముందురోజు, జనవరి 13న, ఆఫీసుల్లో వాడే డిఫెండర్ నియమం ఒకటి దారితప్పి స్టార్ట్ మెనూలో, టాస్క్‌బార్‌లో షార్ట్‌కట్లు చెరిపేసింది. వర్డ్, ఎక్సెల్ లోపల అలాగే ఉన్నాయి. ఐకాన్లు లేవంతే, జనం మాత్రం సాఫ్ట్‌వేర్లే పోయాయనుకున్నారు.

2024 జూలై 19న నీలి తెరలతో విమానాశ్రయాలు ఆగిపోయింది ఈ బాపతు కాదు. పెద్ద కంపెనీలు వాడే క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఏ ఫైల్నీ వైరస్ అనుకోలేదు, తప్పుగా తయారైన అప్‌డేట్ వల్ల విండోస్ కూలిపోయింది. 85 లక్షల కంప్యూటర్లని మైక్రోసాఫ్ట్ లెక్క. మన ఇళ్లలో, కొట్లలో దాన్ని ఎవరూ వాడరు కాబట్టి మా షాపుకి ఒక్కటీ రాలేదు.

నా ఫైలు మంచిదే, పొరపాటునే పట్టుకుందని ఎలా తేల్చుకోవాలి?

వైరస్‌టోటల్ అనే సైట్ ఉంది. 2012 నుంచి గూగుల్‌ది. ఫైల్ని అక్కడ పెడితే డెబ్బై దాకా యాంటీవైరస్‌లు ఏమంటున్నాయో ఒకే పేజీలో చూపిస్తుంది. ఇద్దరు ముగ్గురే, అదీ పేరు స్పష్టంగా లేకుండా, వైరస్ అంటే పొరపాటు కావచ్చు. నలభై మంది అంటే వాదించకండి.

కానీ కస్టమర్ల పాన్ కార్డులు, ఆడిట్ ఎక్సెల్‌లు, ఆసుపత్రి రిపోర్టులు అక్కడ పెట్టకండి. అక్కడికి ఎక్కించిన ఫైళ్లు సెక్యూరిటీ కంపెనీలవాళ్లు దించుకోగలరు. బ్రాడీపేటలో ఆడిటర్ గారి దగ్గర పనిచేసే అమ్మాయి ఒకామె అనుమానం వచ్చిన ప్రతి ఎక్సెలూ అక్కడ పెట్టి చూస్తున్నానని గర్వంగా చెప్పింది. జాగ్రత్తపడాలనే చేసింది పాపం. అలాంటి ఫైలుకి హాష్ తీసి (ఫైలు వేలిముద్ర లాంటి అంకెలు, అక్షరాల వరుస), దాన్ని సైట్లో వెతికితే చాలు, ఫైలు మీ దగ్గరే ఉంటుంది.

పొరపాటే అని తేలితే ఆ ఒక్క ఫైల్ని రీస్టోర్ చేసి, ఆ ఒక్కదానికే మినహాయింపు ఇవ్వండి. డి డ్రైవ్ మొత్తానికి మినహాయింపు ఇచ్చేసిన కంప్యూటర్లు చూశాను. దానికన్నా యాంటీవైరస్ తీసెయ్యడమే నయం, కనీసం ఉందన్న భ్రమ ఉండదు. యాంటీవైరస్ కంపెనీకి ఫైలు పంపి తప్పని చెప్పే వీలు కూడా ఉంటుంది. ప్రోగ్రాం రాసినవాళ్లు అది చేస్తే అందరికీ ఉపయోగం.

పెన్‌డ్రైవ్ క్లీన్ చేసిందట, నా ఫోల్డర్లు మొత్తం పోయాయి!

పోలేదు. ఈ మాట అనేసరికి కస్టమర్ మొహంలో రంగు తిరిగొస్తుంది.

మన జిరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో తిరిగే షార్ట్‌కట్ వైరస్ పని ఇది. అడ్మిషన్ల రోజుల్లో ఒక్క కంప్యూటర్లోకి రోజుకి వంద పెన్‌డ్రైవ్‌లు దిగుతాయి కదా, దానికి పండగే. అది మీ ఫోల్డర్లను డిలీట్ చెయ్యదు, దాచేస్తుంది. మామూలుగా దాచితే ఫోల్డర్ ఆప్షన్స్‌లో కనబడిపోతాయని సిస్టమ్ ఫైళ్లన్న ముద్ర కూడా వేస్తుంది. తర్వాత అదే పేర్లతో షార్ట్‌కట్లు తయారుచేసి పెడుతుంది. మీరు "పెళ్లి ఫొటోలు" అనుకుని నొక్కేది షార్ట్‌కట్‌ని. అది ముందు వైరస్‌ని నడిపి, తర్వాత ఏమీ ఎరగనట్టు అసలు ఫోల్డర్ తెరుస్తుంది. అందుకే నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు.

యాంటీవైరస్ వచ్చి షార్ట్‌కట్లనీ, వైరస్ ఫైల్నీ ఏరేస్తుంది. కానీ చాలాసార్లు దాచిన ఫోల్డర్లను తిరిగి బయటపెట్టదు. దాంతో డ్రైవ్ ఖాళీగా కనబడుతుంది, నింద యాంటీవైరస్ మీద పడుతుంది.

మొదట చెయ్యాల్సింది, పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడటం. ఫోల్డర్లు కనబడకపోయినా వాడిన చోటు పదకొండు జీబీ అని చూపిస్తే మీ పదకొండు జీబీ అక్కడే ఉంది. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్లి దాచిన ఫైళ్లు చూపించమనండి. కాస్త కిందే "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" అని ఉంటుంది, దాని టిక్ కూడా తియ్యండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మొదటిది చేసి రెండోది మర్చిపోతారు, ఫోల్డర్లు రావు. కొన్ని రకాల వైరస్‌లు అన్నీ కలిపి పేరు లేని ఒకే ఫోల్డర్లో పడేస్తాయి. ఐకాన్ కింద ఖాళీగా ఉంటే అదే, తెరిచి చూడండి.

కనబడగానే మీ ఫైళ్లను మాత్రమే కంప్యూటర్లోకి కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యండి. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చెయ్యమని నేను ఇట్టే చెబుతాను, కంప్యూటర్ విషయంలో అంత తొందరగా చెప్పను. ఆ పెన్‌డ్రైవ్ పెట్టిన కంప్యూటర్ని కూడా స్కాన్ చెయ్యకపోతే రేపు మళ్లీ మొదటికే వస్తారు.

రోజూ అదే వైరస్, రోజూ అదే రిపేరు. ఎందుకు పోదు?

ఆకులు కోస్తోంది, వేరు ఉండిపోయింది. వేరు ఎక్కడుందన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది.

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల హోల్‌సేల్ కొట్లో నాలుగు కంప్యూటర్లు. మూడింట్లో ప్రతిరోజూ పదిన్నరకి యాంటీవైరస్ ఒకే ఫైల్ని పట్టుకునేది. రెండు నెలలు మూడింటినీ వంతులవారీగా ఫార్మాట్ చేయించారు. నేను వెళ్లి అడిగింది ఒక్కటే, పదిన్నరకి ఏం జరుగుతుందని. పదిన్నరకి మేడ మీద గోడౌన్ తెరుస్తారు. అక్కడున్న నాలుగో కంప్యూటర్ ఆన్ అవుతుంది. అందులో విండోస్ 7, యాంటీవైరస్ గడువు ఎప్పుడో తీరిపోయింది, డ్రైవ్‌లు అన్నిటికీ షేర్ చేసి ఉన్నాయి. "అందులో స్టాకు తప్ప ఏం లేదండీ, అందుకే పట్టించుకోలేదు" అన్నారు. వైరస్‌కి కావలసింది కూడా ఎవరూ పట్టించుకోని కంప్యూటరే.

ఒకే కంప్యూటర్ ఉన్నవాళ్లు, పెట్టిన టైముకి ప్రోగ్రాంలు నడిపే టాస్క్ షెడ్యూలర్ చూడండి. ప్రతి గంటకీ ఫైల్ని మళ్లీ దించుకునే వరుస అక్కడ ఉండొచ్చు. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ అయితే గూగుల్ ఖాతా సింక్‌తో తిరిగొస్తుంది. కంప్యూటర్లో ఎన్నిసార్లు తీసినా ఖాతాలో ఉండిపోతుంది కదా. ఒక్కోసారి వైరస్ ఎప్పుడో పోయి, హిస్టరీలో పాత వరుస మాత్రం ఇంకా చర్య కావాలని చూపిస్తూ ఉంటుంది. కొత్త టైము లేకపోతే అది పాతదే. ఏదీ తేలకపోతే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది. ఓ పావుగంట పడుతుంది. తెరిచి ఉన్న పనులు ముందే సేవ్ చేసుకోండి.

కరెంటు పోయి వచ్చాక ఆన్ చేస్తే "రిపేరింగ్ డ్రైవ్" అని నడుస్తోంది. ఇదీ యాంటీవైరసేనా?

కాదు. నల్ల తెర మీద శాతాలు పెరుగుతూ కనబడేది విండోస్‌లోని చెక్ డిస్క్. రాస్తూ ఉండగా కరెంటు పోతే డిస్క్‌లో లెక్క తప్పుతుంది, దాన్ని సరిచూసుకుంటుంది. ఎండాకాలంలో మనకి ఇది మామూలే. మధ్యలో ఆపకండి, పవర్ బటన్ మీద చెయ్యి వెయ్యకండి. తర్వాత ఎప్పుడైనా "ఫౌండ్" అనే పేరుతో, వెనక సున్నాలతో దాచిన ఫోల్డర్ కనబడితే అందులో ఉన్నవి ఏ ఫైలువో తెలియని తెగిన ముక్కలు. ఏం రిపేరు చేసిందో ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్‌లో, విన్‌ఇనిట్ పేరు మీద, 1001 నంబరుతో ఉంటుంది.

కరెంటు పోకుండానే వారం వారం ఇలా వస్తోందంటే డిస్క్ పోయే కాలం వచ్చింది. వైరస్ గురించి మాట్లాడటం ఆపి బ్యాకప్ తీసుకోండి.

ఫొటోషాప్‌లో, పేజ్‌మేకర్‌లో సేవ్ అవ్వట్లేదు. "మార్పులు అడ్డుకున్నాం" అంటోంది.

కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనేది ఎవరో ఆన్ చేశారు. మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లలో తెలియని ప్రోగ్రాంలు రాయకుండా ఆపుతుంది. మీరు రోజూ వాడే ప్రోగ్రాంని అనుమతించిన జాబితాలో చేరిస్తే సరిపోతుంది.

స్క్రీన్ నిండా ఎర్రగా వచ్చి, రిపేరుకి ఈ నంబరుకి ఫోన్ చెయ్యమంటోంది.

చెయ్యకండి. నిజమైన యాంటీవైరస్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు. అది బ్రౌజర్లో తెరుచుకున్న ఒక పేజీ, అంతే. మూయనివ్వకపోతే టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్ని ఆపండి. రోజూ మూలనుంచి అలాంటి చీటీలు వస్తుంటే, ఎప్పుడో ఏదో సైట్లో నోటిఫికేషన్లకి అలవ్ నొక్కారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఆ సైట్ పేరు తీసెయ్యండి. ఇప్పటికే ఫోన్ చేసి, దూరం నుంచి మన కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ లాంటిది ఇచ్చి, డబ్బు పోయి ఉంటే నా దగ్గరికి తర్వాత రండి. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత.

ఇవన్నీ తనంతట తాను చెయ్యకుండా, నన్ను అడిగి చెయ్యమనొచ్చా?

చాలా యాంటీవైరస్‌లలో ఆ సెట్టింగ్ ఉంటుంది. నా సలహా మాత్రం వద్దనే. ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ మొదలైతే నిమిషాల్లో వేల ఫైళ్లు పోతాయి. మీరు భోజనానికి వెళ్లినప్పుడు అది "చెయ్యమంటారా" అని అడుగుతూ కూర్చుంటే వచ్చేసరికి అడగడానికి ఏమీ మిగలదు. దాని బదులు, చర్య తీసుకునే ముందు బ్యాకప్ ఉంచే వీలు మీ యాంటీవైరస్‌లో ఉంటే అది ఆన్ చేసుకోండి.

డిఫెండర్‌తో పాటు ఇంకొకటి కూడా వేస్తే రెట్టింపు రక్షణ కదా?

ఇంకొకటి వెయ్యగానే డిఫెండర్ తనే పక్కకి తప్పుకుంటుంది. బయటివి రెండు వేస్తే ఒకటి పట్టుకున్న ఫైల్ని రెండోది పట్టుకోవాలని చూసి కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది. ఉచితంగా ఇంకోసారి చూసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్లో క్లీనింగ్ టూల్స్ ఉన్నాయి.

తీసేసింది కదా, ఇక నిశ్చింతగా ఉండొచ్చా?

ఫైలు తీసేసింది. అది ఉన్నన్నాళ్లూ చేసిన పని అలాగే ఉంటుంది. పాస్‌వర్డ్‌లు దొంగిలించే రకం అయితే, బ్రౌజర్లో సేవ్ చేసుకున్నవన్నీ ఒక్క నిమిషంలో పంపేసి ఉండొచ్చు. యాంటీవైరస్ వాటిని వెనక్కి తేలేదు. పేరులో స్టీలర్ అనో, పీడబ్ల్యూఎస్ అనో ఉండి, అది ఒకసారైనా నడిచిందని అనుమానం ఉంటే బ్యాంకు, మెయిల్, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు మార్చండి. అదే కంప్యూటర్లో కూర్చుని మార్చకండి, ఫోన్ నుంచి మార్చండి. మెయిల్లో అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ కూడా నొక్కండి. లాగిన్ అయి ఉన్న సెషన్‌నే దొంగిలించి ఉంటే పాస్‌వర్డ్ లేకుండానే లోపల ఉండగలరు.

ఈ గోలంతా ఎందుకు, ఫార్మాట్ కొట్టేస్తే పోలా?

కొన్నిసార్లు అదే సరి. శాలిటీ లాంటిది వందల ప్రోగ్రాం ఫైళ్లలో దూరితే, ఒక్కోదాన్ని కుట్టుకుంటూ పోవడం కన్నా కొత్తగా విండోస్ వెయ్యడం మేలు. యాంటీవైరస్ తెరుచుకోనివ్వకుండా చేసిన రకానికీ అంతే. విండోస్ 10 వాడేవాళ్లకు 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆగిపోయింది కాబట్టి, ఎలాగూ ఫార్మాట్ చేస్తుంటే మెషిన్ తీసుకోగలిగితే 11 వేయించండి.

డౌన్‌లోడ్స్‌లో పట్టుకున్న ఒక్క ఫైలుకి, పొరపాటున పట్టుకున్న బిల్లింగ్ ప్రోగ్రాంకి మాత్రం ఫార్మాట్ వద్దు. సీపీయూ ఎత్తుకుని వచ్చేముందు ప్రొటెక్షన్ హిస్టరీ తెరిచి, ఆ వరుసల్ని ఫోన్లో ఫొటో తీసి వాట్సాప్ చెయ్యండి. పేరూ, ఫైలు ఉన్న చోటూ, టైమూ కనబడేలా తియ్యండి, ఫ్లాష్ వెయ్యకండి, స్క్రీన్ మీద తెల్లటి మచ్చ తప్ప ఇంకేం కనబడదు.